తల కాడ ఎవరున్నరు?

మా సారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు వెనక పెరట్లో ఉన్నాను. ఒక ముసలి గుర్రం గిట్టను నా మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, వంగి, దాని అడుగున ఇరుక్కున్న రాయిని తీస్తున్నాను. జేబులో ఫోను ఆగకుండా మోగుతోంది. విసుక్కుంటూ తీశాను. సారు కూతురు.

"నాయిన పోయిండక్కా" అంది.

ఎప్పుడు అని అడగలేదు. ఎట్లా అని అడగలేదు. అయ్యో అని కూడా అనలేదు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "తల కాడ ఎవరున్నరు?"

మెల్లగా చెప్పింది. "ఎవ్వరు లేరక్కా. ఐసీయూల పరదా అడ్డం పెట్టిన్రు. నన్ను బయటికి పొమ్మన్నరు."

నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆ ఆసుపత్రి మీద, ఆ పరదా మీద, ఒక కూతుర్ని ఆ సమయంలో ఆ ప్రశ్న అడిగిన నా నోటి మీద కూడా. ఆ ప్రశ్న నాది కాదు, ఆయనదే. ఏ ఊరి నుంచి ఎవరు ఫోను చేసి గుర్రానికి బాగాలేదని చెప్పినా ఆయన ముందు అడిగేది అదే: "తల కాడ ఎవరున్నరు?" రెండో ప్రశ్న: "ఇంట్ల ఏమని పిలుస్తరు?" ఈ రెండింటికీ జవాబు వచ్చాకే రోగమేమిటో అడిగేవారు. ఆయన దగ్గర పని నేర్చుకున్న మాకందరికీ ఆ ప్రశ్న ఎక్కిళ్ళలా అంటుకుంది. ఎప్పుడు బయటికొస్తుందో మా చేతిలో ఉండదు.

సారు సూర్యాపేట దగ్గర మోతె ఊరి మనిషి. పశువైద్యం చదువు అయిపోగానే ఒక పెద్ద నగరంలో రేస్‌కోర్సులో డాక్టరుగా చేరి, కొన్నాళ్ళకే మానేసి వచ్చి సర్కారు కొలువులో కుదిరారు. సర్వీసులో ఎక్కువ భాగం సూర్యాపేట పశువుల దవాఖానలోనే గడిచింది. ఏ నగరం సార్ అని ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. "ఏ ఊరైతే ఏందమ్మా, అన్ని ఊర్లల్ల గుర్రం పడితే అడ్డం పెట్టేది ఒక్క తీరు పరదానే" అనేవారు.

నేను కొత్తగా పశువైద్యురాలిగా ఉద్యోగంలో చేరి ఆయన కింద పని నేర్చుకోవడానికి సూర్యాపేట వెళ్ళిన రోజే ఆయన మీద విసుగు మొదలైంది. చొక్కా జేబులో ఎప్పుడూ బెల్లం ముక్క. అది గుర్రాలకట. ఆ జేబు చుట్టూ చీమలు. రిజిస్టరు మీదకు వంగితే రెండు చీమలు రాలి నా రాతలో కలిసిపోయేవి. మందుల బీరువా తాళం చెవి ఎక్కడ పెట్టారో ఆయనకు గుర్తుండదు, కానీ పదేళ్ళ కింద చూసిన గుర్రానికి ఏ కాలు వాచిందో చెప్పేవారు. దారిలో పెళ్ళి బరాత్ కనపడి, గుర్రం కుంటుతున్నట్టు అనిపిస్తే చాలు, నడిరోడ్డు మీద స్కూటరు ఆపేసేవారు. వెనక లారీలు హారన్లు కొడుతుంటే నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

ఒకసారి అట్లా ఒక పెళ్ళికొడుకును గుర్రం మీంచి దింపేశారు. మగపెళ్ళివాళ్ళు కొట్టడానికి వచ్చారు. ఈయన తాపీగా గుర్రానికి బెల్లం తినిపిస్తూ, "నీ పెండ్లికి నువ్వు నడిస్తే ఇజ్జత్ పోదు బాబూ. అది నడుస్తే దాని కాలు పోతది" అన్నారు. ఆ పెళ్ళికొడుకు ఫంక్షన్ హాలు దాకా నడిచే వెళ్ళాడు. ఆ రోజు సాయంత్రం మా ఆఫీసుకు ఫిర్యాదు వచ్చింది, జవాబు రాసింది నేను. ఆయన చేసే మంచి పనులకు సంజాయిషీలు రాయడమే నా ఉద్యోగం అనిపించేది.

మా వైపు బరాత్‌లకు తిరిగే గుర్రాల్లో కొన్ని ఒకప్పుడు రేసుల్లో పరుగెత్తినవే. వేగం తగ్గగానే వాటిని అమ్మేస్తారు. చేతులు మారీ మారీ చివరికి బ్యాండు మేళం వాళ్ళ దగ్గరికి చేరతాయి. నిన్నటిదాకా మెత్తటి మట్టిలో పరుగెత్తిన కాళ్ళు ఇవాళ సిమెంటు రోడ్డు మీద, డీజే చప్పుడులో నాట్యం చెయ్యాలి. వాటి పరుగు మీద పందేలు కాసినవాళ్ళెవరికీ అవి ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నాయో తెలియదు, తెలుసుకోవాలనీ ఉండదు. ఈ సంగతి మాట్లాడితే సారుకు మాట తడబడేది, అంత కోపం.

రేస్‌కోర్సు ఎందుకు మానేశారో ఒక్కసారే చెప్పారు. దవాఖాన వెనక నీళ్ళ తొట్టి గట్టు మీద కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుతూ చెప్పారు. పరుగులో ఒక గుర్రం పడింది. కాలు రెండు ముక్కలైంది. ఇగ అతికేది కాదని చూడగానే తెలిసిపోయింది. మనుషులు పరిగెత్తుకొచ్చి చుట్టూ ఆకుపచ్చ పరదా పట్టుకున్నారు. ప్రాణం పోయే సూది సిద్ధం చేసుకుని ఈయన నిలబడ్డారు. ఆగమన్నారు. ఓనరు ఒప్పుకోవాలి, ఆయన ఎక్కడో ఉన్నాడు. తర్వాత బీమా వాళ్ళు ఒప్పుకోవాలి, వాళ్ళు ఫోనెత్తరు.

"పరదా లోపట గుర్రం కొట్టుకుంటున్నది. బయట మైకుల తర్వాతి రేసు పేర్లు సదువుతున్నరు" అన్నారు. "పరదా గుర్రం కోసం అనుకున్న ఇన్నొద్దులు. కాదమ్మా. టికెట్టు కొన్నోళ్ళ కండ్లు సల్లగ ఉండనీకి."

అని డబ్బా మూత పెట్టేశారు. ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు. నేనూ తినలేకపోయాను, ఆకలిగా ఉన్నా. ఆ కోపం కూడా ఆయన మీదే చూపించాను.

చంపడం ఒక్కటే తెలిసిన మనిషి అనుకోకండి. నేను ఆ ఫోను అందుకున్న మిల్లు పెరట్లోని ముసలి గుర్రమే సాక్ష్యం. ఆ మిల్లు యజమాని గొప్ప కోసం ఒక రిటైరయిన రేసు గుర్రాన్ని కొన్నాడు. ఏడాది తిరక్కుండానే అది కుంటడం మొదలుపెట్టింది. ఎక్కడానికి పనికిరాదు, ఫోటోకు నిలబెడితే ఒక కాలు ఎత్తుకుంటుంది. సారును పిలిపించి, "ఒక సూదేసి ఖతం చేయిన్రి డాక్టర్ సాబ్, సూడలేక పోతున్న" అన్నాడు.

సారు గుర్రాన్ని నడిపించి చూశారు, మేపు చూశారు, పేడ కూడా చూశారు. "దీనికి నొప్పి లేదు, నీకు విసుగున్నది. నొప్పికి నా దగ్గర సూది ఉన్నది సేటూ. విసుగుకు లేదు" అన్నారు. మిల్లు యజమానికి కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది, తర్వాత గుర్రాన్ని ఉంచుకున్నాడు. అది ఏ పనీ చెయ్యకుండా ఇన్నేళ్ళుగా తిని పడుకుంటోంది. ఇప్పుడు మిర్యాలగూడ నా పరిధిలో ఉంది కాబట్టి ఆ గిట్టల సేవ నాకు తగిలింది.

ఎప్పుడు చంపాలి, ఎప్పుడు చంపకూడదు, చంపక తప్పనప్పుడు ఎట్లా చంపాలి అన్నదాని మీద ఆయన ఒక అరపేజీ రాసుకున్నారు. సూటి తెలుగులో, ఎవరికైనా అర్థమయ్యేట్టు. బాగయ్యే దెబ్బకు సూది లేదు. బాగు కాదని తేలినంక ఆలస్యం చేయడమే హింస. ముందు మత్తు, తర్వాతే నిద్ర సూది. తెలిసిన మనిషి తల కాడ ఉండి పేరు పెట్టి మాట్లాడాలి. తోటి గుర్రాలను దూరం తీసుకపోవాలి. కన్ను తాకి చూడాలి, గుండె విని చూడాలి, ఆగి మళ్ళీ చూడాలి, అప్పటిదాకా ఎవ్వరూ కదలొద్దు. గొయ్యి తవ్వే జేసీబీ దానికి వినపడేంత దగ్గరికి రావొద్దు.

ఈ కాగితాన్ని ఆయన పాత రేస్‌కోర్సుకు పంపారు. మా పై ఆఫీసుకు పంపారు. మళ్ళీ పంపారు. ఆఫీసు నుంచి 'అందినది' అని ముద్ర వేసిన నకలు వచ్చేది, అంతే. ఒకసారి నన్ను తోడు తీసుకుని స్వయంగా ఆ ఆఫీసుకే వెళ్ళారు. అక్కడి అధికారి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "గుర్రాలు సచ్చేటందుకు గూడ రూల్సా సార్? మనుషులకే దిక్కు లేదు" అని నవ్వాడు. సారు నవ్వలేదు. "మనుషులది మీరు సూడున్రి. గుర్రాలది నేను సూస్త. ఎవరిది ముందుగాల అయితదో సూద్దాం" అని లేచి వచ్చేశారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో, ఈ చాదస్తం ఇక మానండి సార్ అని గట్టిగానే అన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

ఇప్పుడు చెప్పాల్సింది నా సంగతి. ఇది రాయకుండా ఆయన్ని తలుచుకోవడం దొంగతనం అవుతుంది.

అప్పటికి సారు రిటైరయ్యారు. నేను కోదాడలో ఉన్నాను. ఒక పొద్దుటి పూట పెళ్ళి. ఊరేగింపులో మురికినీళ్ళ మోరీ మీద వేసిన సిమెంటు బిళ్ళ విరిగి గుర్రం ముందు కాలు లోపలికి దిగబడింది. జనం లాగారు. ఆ లాగడంలో కాలు మోకాలి కింద విరిగింది. అది బ్యాండు మేళం ఓనరుది, తెల్లటి ఆడ గుర్రం, నుదుట నల్ల మచ్చ ఉండేది కాబట్టి చుక్క అని పిలిచేవాడు. అతను ముందు నాకు ఫోను చెయ్యలేదు, సూర్యాపేటలో ఉన్న సారుకు చేశాడు. "తల కాడ ఎవరున్నరు?" "నేనేనండి." "ఆడనే ఉండు, మాట్లాడుకుంట ఉండు, బస్సెక్కుతున్న." తర్వాత నాకు చేశాడు.

నేను వెళ్ళి చూశాను. చూడగానే తెలిసిపోయింది. నొప్పికి సూది వేశాను. పెట్టెలో రెండో మందు, నిద్ర సూదిది కూడా ఉంది. కానీ నాకు భయం వేసింది. అంతకు కొద్దిరోజుల ముందే ఓనరు సంతకం లేకుండా ఒక ఎద్దుకు నిద్ర సూది వేసినందుకు మాలో ఒకాయనకు నోటీసు వచ్చింది. అందుకని ఓనరు సంతకం కావాలన్నాను. "నేనే ఓనర్నండి మేడంగారు, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను" అన్నాడు. కాగితం చూపించమన్నాను. అతని దగ్గరున్నది పాత రేసు పుస్తకం. అందులో గుర్రం పేరు చుక్క కాదు, మూడు ఇంగ్లీషు మాటల పొడుగాటి పేరు. ఓనరు కూడా ఎవరో నగరం మనిషి.

ఆయన ఒప్పుకోవాలి అన్నాను.

ఆ నంబరు పనిచెయ్యలేదు. ఇంకొకరిని అడిగి ఇంకో నంబరు. మీటింగులో ఉన్నారు. పది నిమిషాలాగి చెయ్యండి. ఏ గుర్రం? ఫోటో పంపండి. ఈ లోపల సారు బస్సు దిగి వచ్చారు. కాలు చూశారు, నన్ను చూశారు.

"మందున్నదా?"

"ఉన్నది సార్. పర్మిషన్ రావాలె."

ఆయన మొహంలో ఏదో ఆగిపోయింది. రిటైరయిన మనిషి, చేతిలో మందు లేదు, సంతకం లేదు. సంచిలోంచి ఒక బట్ట తీశారు. టెంటు హౌసు వాళ్ళ దగ్గర కొన్న ఆకుపచ్చ బట్ట, నాలుగు ముక్కలు కలిపి కుట్టింది. చుట్టూ ఉన్నవాళ్ళ చేతికిచ్చి అడ్డం పట్టుకోమన్నారు. నా తప్పును కప్పిపుచ్చుకోవడానికి నేను ఆయన మీదే ఎగిరాను, "పరదా అంటేనే పడదు కద సార్ మీకు!" అని.

"గాడ జనం కోసం పెట్టిన్రు. గీడ గుర్రం కోసం పెడుతున్న. ఎన్ని సెల్లులు లేసినయో సూడు" అన్నారు. నిజమే. పెళ్ళికి వచ్చినవాళ్ళు, రానివాళ్ళు అందరూ వీడియోలు తీస్తున్నారు.

ఆయన, బ్యాండు ఓనరు పరదా లోపల. నేను బయట, చెవికి ఫోను ఆనించుకుని. లోపల బ్యాండు ఓనరు దాంతో మాట్లాడుతున్నాడు. ఏ ఊళ్ళో ఏ పెళ్ళికి ఎట్లా ఆడిందో చెప్తున్నాడు, మధ్యలో గొంతు పోతోంది, సారు "మాట్లాడు, మాట్లాడు" అంటున్నారు. చివరికి నగరం మనిషి లైన్లోకి వచ్చి, "అది నాది కాదమ్మా, ఎప్పుడో అమ్మేశాను, మీ ఇష్టం" అన్నాడు. మొదటి నిమిషంలో బ్యాండు ఓనరు చెప్పిన మాటే అది. అది వినడానికి నేను చుక్కను రెండు గంటలు ఆ విరిగిన కాలుతో ఉంచాను.

లోపలికి వెళ్ళి చెయ్యాల్సింది చేశాను. సారు కన్ను తాకి చూశారు, గుండె విన్నారు, ఆగారు, మళ్ళీ విన్నారు. అప్పటిదాకా బట్ట దించనివ్వలేదు.

ఆయన తిడతారని కోదాడ బస్టాండు దాకా నడుస్తూ ఎదురుచూశాను. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయి ఉండేదాన్నేమో. టీ తాగించారు. సగం తాగాక అన్నారు, "గా రేస్‌కోర్సుల నేను గూడ ఆగిన బిడ్డా. సూది చేతుల పట్టుకొని ఆగిన. నువ్వు ఇయ్యాల పరదా బయట నిలబడ్డవ్. ఇగ నుంచి లోపటికి రా." అంతే. బస్సొచ్చింది, ఎక్కేశారు. టీ గ్లాసులో ఒక చీమ తేలుతోంది.

తర్వాత ఆయన ఆఫీసులను వదిలేశారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో బరాత్ గుర్రాలున్న ప్రతి ఇంటికీ బస్సుల్లో తిరిగి ఆ అరపేజీ ఇచ్చొచ్చారు. చదువు రానివాళ్ళకు చదివి వినిపించారు. కింద ఒక వాక్యం కొత్తగా చేర్చారు: గుర్రం ఎవరి మాట వింటదో వాళ్ళే ఓనరు. చట్టంలో అట్లా ఉండదు సార్ అన్నాను. "చట్టంల లేదనే గద రాసింది" అన్నారు.

దహనం రోజు సూర్యాపేటలో జనం బాగానే వచ్చారు. 'అందినది' ముద్ర వేసే ఆఫీసు నుంచి కూడా దండ వచ్చింది. ఒకాయన ఆయన్ని మూగజీవాల పాలిటి దేవుడని మైకులో పొగిడాడు. దేవుడు అనేస్తే ఇక ఆ కాగితం చదవాల్సిన పని తప్పిపోతుంది కదా. నేను మధ్యలోనే లేచి బయటికి వచ్చాను.

బయట కోదాడ బ్యాండు ఓనరు సారు కూతురి ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "అయ్యగారి తల దగ్గర ఎవరున్నారండీ ఆఖర్లో?" అని అడుగుతున్నాడు. అతని వెనకే మిల్లు యజమాని. అతనూ అదే అడిగాడు. ఆమె ఇద్దరికీ ఒకే మాట చెప్పింది. "ఎవ్వరు లేరు." ఆయన నేర్పిన ప్రశ్నే. మేమంతా ప్రేమతో, గౌరవంతో తీసుకొచ్చి, ఒకరి తర్వాత ఒకరం ఆ పిల్ల గుండెలో గుచ్చుతున్నాం. మొదట గుచ్చింది నేనే.

క్షమించమని అడగడానికి పదో రోజు అయ్యాక మళ్ళీ వెళ్ళాను. ఆమె వెనక పెరట్లో బట్టలు ఆరేస్తోంది. సారు సంచిలోని ఆకుపచ్చ పరదా ఉతికింది. రెండు దండేల పొడుగునా పట్టింది అది. నేను ఇవతల, ఆమె అవతల. నేను నసుగుతూ మొదలుపెట్టాను, ఆ రోజు ఫోనులో అట్లా అడిగి ఉండాల్సింది కాదని.

"అందరు గదే అడుగుతున్నరక్కా" అంది అవతలి నుంచి. గొంతులో విసుగు, అచ్చం వాళ్ళ నాన్నలాగే. "తల కాడ ఎవరున్నరు, తల కాడ ఎవరున్నరు. ఎవ్వరు లేరనే చెప్తున్న, లేరు కాబట్టి. కానీ నేను ఊకోలే. చిన్నప్పుడు నాయినెంబడి గుర్రాల కాడికి పోలేదా నేను? పరదా బయటికెల్లే మాట్లాడిన. నాయినా, నేను గీడనే ఉన్న, గీడనే ఉన్న అని. నర్సమ్మ కసిరింది. ఐనా మాట్లాడిన. వాళ్ళొచ్చి అయిపోయిందనేదాంక మాట్లాడిన."

బట్ట పిండిన నీళ్ళు మట్టి మీద పడుతున్నాయి. పరదా కింద ఆమె పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. అవి కదలడం లేదు.

"ఇనపడ్డదంటవా అక్కా?"

మా మధ్య అంత మందం బట్ట ఉంది, తడిసి ఇంకా మందమైంది. ఆమె మొహం నాకు కనపడలేదు. ఆమె అన్న ప్రతి మాటా, మాటకూ మాటకూ మధ్య తీసిన ఊపిరితో సహా వినపడింది.

"ఇనపడ్డది" అన్నాను.